కాడిలాక్, లింకన్ మజిల్ కార్లనూ స్టేషన్ వ్యాగన్లనూ ఎందుకు తయారు చేయలేదు? – తరచుగా అడిగే ప్రశ్నలు

1964 నుంచి 1972 దాకా అమెరికా కుర్రకారును ఊపేసినవి మజిల్ కార్లు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మూడు దశాబ్దాలకు పైగా అక్కడి కుటుంబాలను మోసినవి, పైకప్పు వెనుకదాకా సాగి సామానుకు చోటిచ్చే స్టేషన్ వ్యాగన్లు. ఈ రెండు కథల్లోనూ జనరల్ మోటార్స్ వారి కాడిలాక్, ఫోర్డ్ వారి లింకన్, క్రైస్లర్ వారి ఇంపీరియల్ అనే మూడు పెద్ద లగ్జరీ పేర్లు కనిపించవు. డెట్రాయిట్ పరిసరాల్లో ఉండే తెలుగువారు ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే పాత కార్ల ఊరేగింపుకు వెళ్లి వచ్చాక తరచూ అడిగే ప్రశ్న ఇది: ఇన్ని పాంటియాక్‌లు, ప్లిమత్‌లు వరుస కట్టాయి కదా, వాటిలో కాడిలాక్ మజిల్ కారు ఒక్కటీ ఎందుకు లేదు? ఆ ప్రశ్నతో పాటు దాని చుట్టూ అల్లుకున్న మరికొన్ని ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. మజిల్ కారును వదిలేయడం ఆ కంపెనీలు చేసిన మంచి పని. స్టేషన్ వ్యాగన్‌ను వదిలేయడం మాత్రం పొరపాటు.

మజిల్ కారు అంటే ఏమిటి? వేగంగా వెళ్లే ప్రతి కారూ మజిల్ కారేనా?

కాదు. మధ్యరకం సైజున్న మామూలు కుటుంబ కారును తీసుకుని, పెద్ద కారు కోసం తయారైన వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్‌ను అందులో బిగించి, కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు కూడా వాయిదాల మీద కొనగలిగే ధరకు అమ్మితే అది మజిల్ కారు. తేలికైన బాడీ, బరువైన ఇంజన్, తక్కువ ధర మూడూ కలవాలి. మూడింటిలో ఎక్కువమంది మరచిపోయేది ధర. లగ్జరీ బ్రాండ్ల కథ మలుపు తిరిగేది సరిగ్గా అక్కడే.

ఈ తరహాకు మొదటి కారుగా చాలామంది ఒప్పుకునేది 1964 పాంటియాక్ జీటీఓ. అంతకుముందు 1949లో ఓల్డ్స్‌మొబైల్ తన చిన్న బాడీలో కొత్త రాకెట్ వీ8 ఇంజన్ పెట్టి 88 అనే కారును తెచ్చింది. అసలు ఆరంభం అదేనని వాదించేవారూ ఉన్నారు. వారి వాదనలో బలం ఉంది.

కాడిలాక్ దగ్గర అంతకంటే పెద్ద ఇంజన్లు ఉన్నాయి కదా?

ఉన్నాయి. 1964 కాడిలాక్ ఇంజన్ 429 క్యూబిక్ అంగుళాలది, అంటే 7 లీటర్లది. దాని శక్తి 340 హార్స్‌పవర్. అదే ఏడాది జీటీఓలో మామూలుగా వచ్చే ఇంజన్ 389 క్యూబిక్ అంగుళాలది, 325 హార్స్‌పవర్ ఇచ్చేది. కాగితం మీద కాడిలాక్‌దే పైచేయి. రోడ్డు మీద మాత్రం జీటీఓ దాన్ని సులువుగా దాటిపోయేది, ఎందుకంటే రెండింటి మధ్య బరువు తేడా దాదాపు అయిదు వందల కిలోలు.

కాడిలాక్ ఆ బరువును కావాలనే మోసేది. దళసరి గాజు, మందమైన సీట్లు, ఇంజన్ చప్పుడు లోపలికి రానివ్వని పొరలు, కరెంటుతో కదిలే కిటికీలు, ఏసీ అన్నీ కలిస్తే ఆ బరువు. అంత పెద్ద ఇంజన్ పెట్టింది పరుగు పందేనికి కాదు. డ్రైవరు కాలు కాస్త ఆనిస్తే చాలు, ఆయాసం లేకుండా బండి కదలాలి, లోపల కూర్చున్నవారికి ఇంజన్ ఉందన్న సంగతే గుర్తుకు రాకూడదు. మజిల్ కారు కొన్న కుర్రవాడికి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. ఇంజన్ గర్జన నాలుగు వీధుల అవతలికి వినపడాలి.

1970లో కాడిలాక్ ఎల్డొరాడోకు 500 క్యూబిక్ అంగుళాల ఇంజన్ వచ్చింది. 8.2 లీటర్లు, 400 హార్స్‌పవర్. ఆ రోజుల్లో ఏ మజిల్ కారులోనూ అంత పెద్ద ఇంజన్ లేదు. కానీ ఎల్డొరాడోలో ఆ శక్తి అంతా ముందు చక్రాలకు వెళ్లేది. అందులో కూర్చుని పందెం గురించి ఆలోచించినవారు ఎవరూ ఉండరు.

అలాంటప్పుడు ఆ ఇంజన్‌ను చిన్న బాడీలో పెట్టవచ్చు కదా?

పెట్టడానికి కాడిలాక్‌కు చిన్న బాడీ లేదు. 1975లో సెవిల్ వచ్చేదాకా ఆ బ్రాండ్ కింద కాస్త చిన్న కారు ఒక్కటీ లేదు. లింకన్‌కు 1977లో వర్సాయ్ వచ్చింది. మజిల్ కార్ల కాలం అప్పటికి ఎప్పుడో ముగిసింది. తేలికైన మధ్యరకం బాడీలన్నీ షెవర్లే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్ చేతుల్లో ఉండేవి.

ఇది యాదృచ్ఛికం కాదు. జనరల్ మోటార్స్‌ను పెంచి పెద్ద చేసిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ 1920లలోనే ఒక నిచ్చెన కట్టాడు. అడుగు మెట్టు షెవర్లే, తరువాత పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్, పై మెట్టు కాడిలాక్. జీతం పెరిగే కొద్దీ మనిషి ఒక్కో మెట్టు ఎక్కాలి. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు పొలాలు పంచుకున్నట్టుగా ఎవరి ధర వారిది, ఎవరి కొనుగోలుదారులు వారివారు. తమ్ముడి గట్టు మీదికి అన్న అడుగు పెడితే ఇద్దరి పంటా పాడవుతుంది. కాడిలాక్ ఒక మజిల్ కారు తెచ్చి ఉంటే అది జనరల్ మోటార్స్ సొంత బ్రాండ్ల వ్యాపారాన్నే కోసుకునేది.

జీటీఓను కూడా జనరల్ మోటార్స్ మొదట వద్దన్నదట, నిజమేనా?

నియమం ప్రకారం అది రాకూడని కారే. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాల కంటే పెద్ద ఇంజన్ పెట్టరాదని సంస్థ నిబంధన. పైగా 1963 జనవరిలో సంస్థ తన బ్రాండ్లన్నిటినీ పోటీ పందేల నుంచి తప్పుకోమంది. అప్పటిదాకా పందేలతోనే యువకుల్లో పేరు తెచ్చుకున్న పాంటియాక్‌కు అది పెద్ద దెబ్బ.

అప్పుడు పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్, ఆయన సహచరులు బిల్ కాలిన్స్, రస్ గీ ఒక దారి వెతికారు. పాంటియాక్ మధ్యరకం కారు టెంపెస్ట్ బాడీలో 326 ఇంజన్ ఎక్కడ కూర్చుంటుందో 389 ఇంజన్ కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. బయటి కొలతల్లో రెండూ ఒకటే. కొత్త మోడల్ అయితే పై కమిటీ అనుమతి కావాలి. ఉన్న మోడల్‌కు అదనపు సామగ్రిగా అమ్మితే అక్కరలేదు. అందుకే మొదటి ఏడాది జీటీఓ విడి కారు కాదు, టెంపెస్ట్ కార్లలోనే లెమాన్స్ అనే మోడల్ మీద మూడు వందల డాలర్ల లోపు ధరకు దొరికే ప్యాకేజీ. అయిదు వేలు అమ్ముడైతే చాలనుకున్నారు. 32,450 అమ్ముడయ్యాయి. 1966లో ఆ సంఖ్య 96 వేలు దాటింది. ఇక సంస్థ కాదనలేకపోయింది. 1965లోనే బ్యూయిక్ గ్రాన్ స్పోర్ట్ కూడా వచ్చేసింది.

నాకు ఈ కథలో నచ్చేది ఒకటుంది. కింది మెట్టు మీద నిలబడినవాడికి పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు కనుక గోడ దూకగలిగాడు. కాడిలాక్ ఇంజనీర్లకు ఆ అవసరమే రాలేదు. 1960ల నడుమ వారి కార్లు ఏటా రెండు లక్షలకు దగ్గరగా అమ్ముడయ్యేవి, తయారైనది తయారైనట్టే వెళ్లిపోయేది.

దానికి మంచి రుజువు బ్యూయిక్ రివియెరా. డిజైన్ విభాగం అధిపతి బిల్ మిచెల్ ఆధ్వర్యంలో ఆ కారును మొదట కాడిలాక్ కోసమే గీశారు. ఉన్న కార్లకే గిరాకీ తీర్చలేకపోతున్నాం, ఇంకొకటి ఎందుకని కాడిలాక్ దాన్ని కాదంది. మిగతా బ్రాండ్లు దాని కోసం పోటీ పడ్డాయి, బ్యూయిక్ గెలిచింది. 1963 రివియెరాను అమెరికా గీసిన అతి అందమైన కార్లలో ఒకటిగా నేటికీ లెక్కిస్తారు.

లగ్జరీ బ్రాండ్లకు పందేల చరిత్రే లేదా?

ఉంది. దాన్ని మరచిపోవడం అన్యాయం. 1949లో కాడిలాక్ తెచ్చిన 331 క్యూబిక్ అంగుళాల కొత్త వీ8 ఆనాటి అమెరికాలో అందరూ అసూయపడిన ఇంజన్. 1950లో ఫ్రాన్స్‌లో జరిగిన లెమాన్స్ 24 గంటల పందెంలో బ్రిగ్స్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ రెండు కాడిలాక్‌లను దింపాడు. ఒకటి దాదాపు షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న కూపే. రెండోది వికారమైన వెడల్పాటి బాడీ కట్టినది, దాన్ని చూసి ఫ్రెంచివారు రాక్షసి అని పేరు పెట్టారు. కూపే పదో స్థానంలో, రాక్షసి పదకొండో స్థానంలో పందెం ముగించాయి. అదే పందెంలో కాడిలాక్ ఇంజన్ పెట్టుకున్న ఒక బ్రిటిష్ అలార్డ్ కారు మూడో స్థానంలో వచ్చింది.

లింకన్ ఇంకా ముందుకు వెళ్లింది. మెక్సికోను ఈ చివరి నుంచి ఆ చివరికి దాటే కరేరా పనమెరికానా అనే ప్రమాదకరమైన రోడ్డు పందెంలో 1952 నుంచి 1954 దాకా మూడేళ్లూ తన తరగతిలో లింకనే గెలిచింది. ఈ రోజు లింకన్ పేరు చెబితే విమానాశ్రయం టాక్సీ గుర్తుకు వచ్చేవారికి ఈ సంగతి నమ్మశక్యంగా ఉండదు.

1957 జూన్‌లో అమెరికా కార్ల తయారీదారుల సంఘం పందేలకు మద్దతు ఇవ్వరాదని తీర్మానించింది. చిన్న బ్రాండ్లు చాటుగా కొనసాగించాయి. లగ్జరీ బ్రాండ్లు నిజంగానే మానేశాయి, తిరిగి చూడలేదు.

క్రైస్లర్ 300 సంగతేమిటి? అది లగ్జరీ మజిల్ కారు కాదా?

చాలా దగ్గరగా వచ్చింది. 1955లో వచ్చిన సీ-300లో 331 క్యూబిక్ అంగుళాల హెమీ (అర్ధగోళాకారపు దహన గదులున్న) ఇంజన్, 300 హార్స్‌పవర్, లోపల తోలు సీట్లు. 1955, 1956 నాస్కార్ (అమెరికా కార్ల పందేల) సీజన్లలో కార్ల్ కీకేఫర్ జట్టు ఆ కార్లతో అందరినీ ఓడించింది. ఆ వరుసలో అక్షరం మారుతూ 1965 దాకా కార్లు వచ్చాయి.

అయితే చూడండి, ఆ కారు ముందు భాగంలోని గ్రిల్ ఇంపీరియల్‌ది, వెనుక రాసిన పేరు మాత్రం క్రైస్లర్. అదే ఏడాది ఇంపీరియల్‌ను విడి బ్రాండ్‌గా పైకి ఎత్తారు కూడా. ముఖం ఇచ్చారు కానీ ఇంటి పేరు ఇవ్వలేదు. ధర నాలుగు వేల డాలర్లు దాటేది, కనుక కుర్రకారుకు అందనంత ఎత్తులో ఉండిపోయింది. దాన్ని నేను మజిల్ కారు అనను. యూరప్‌లో గ్రాండ్ టూరర్ అంటారే, ఆ కోవకు చెందినది.

మజిల్ కారు తయారు చేయకపోవడం వల్ల ఆ కంపెనీలు నష్టపోయాయా?

ఏమీ నష్టపోలేదు. 1970 దాటగానే నాలుగు వైపుల నుంచి దెబ్బలు పడ్డాయి. యువ డ్రైవర్ల చేతిలోని శక్తిమంతమైన కార్ల మీద బీమా కంపెనీలు ప్రీమియం విపరీతంగా పెంచాయి. కొందరికి నెల వాయిదా కంటే బీమా భారమే ఎక్కువగా తోచింది. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం పొగ మీద కఠిన పరిమితులు పెట్టింది. సీసం తక్కువగా ఉండే పెట్రోలుకు సరిపడేలా 1971 నుంచి ఇంజన్ల కంప్రెషన్ తగ్గించారు, దాంతో శక్తి పడిపోయింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధం వచ్చింది. దాదాపు పదేళ్లలో వెలిగి ఆరిపోయిన తరహా ఇది. దానికోసం పేరును పణంగా పెట్టి ఉంటే కాడిలాక్ చేతిలో మిగిలేది ఒక ఇబ్బందికరమైన జ్ఞాపకం.

ఆ డబ్బును వారు ఇంకోచోట పెట్టారు. పొడవాటి బానెట్, రెండే తలుపులు, సొంత ఆనందం కోసం నడుపుకునే ఖరీదైన కారు. 1967 ఎల్డొరాడో, 1968లో వచ్చిన లింకన్ కాంటినెంటల్ మార్క్ 3 ఆ రకానివి. ఒక్కో కారు మీద వచ్చే లాభం మజిల్ కారు మీద ఎన్నటికీ రాదు.

ఇక స్టేషన్ వ్యాగన్. అది ఎలా పుట్టింది?

పేరులోనే ఉంది. రైల్వే స్టేషన్ నుంచి హోటలుకు, ఎస్టేటుకు మనుషుల్నీ పెట్టెల్నీ మోసే బండి. చెక్క బాడీతో వడ్రంగులు కట్టేవారు. 1929లో ఫోర్డ్ తన మోడల్ ఏ మీద వ్యాగన్ అమ్మడం మొదలుపెట్టింది. మిషిగన్‌లోని ఐరన్ మౌంటెన్‌లో ఫోర్డ్‌కు సొంత అడవులు, కోత మిల్లు ఉండేవి, కలప అక్కడి నుంచి వచ్చేది. చెక్కకు ఏటా వార్నిష్ పూయాలి, కీళ్లు బిగించాలి, వానకు తలుపులు ఉబ్బేవి. కనుక అది ఇద్దరు ముగ్గురు పనివాళ్లున్న ఇంటి బండి అయింది.

యుద్ధం తరువాత ఇనుము వచ్చింది. 1946 విల్లీస్ జీప్ స్టేషన్ వ్యాగన్, 1949 ప్లిమత్ సబర్బన్ పూర్తి ఉక్కు బాడీతో వచ్చాయి. అసలు చెక్కతో కట్టిన చివరి అమెరికా వ్యాగన్ 1953 బ్యూయిక్. దాంతో ధర తగ్గింది, పని తగ్గింది, శివారు కాలనీల్లోని ప్రతి ఇంటి ముందూ వ్యాగన్ నిలబడింది.

మరి లగ్జరీ బ్రాండ్లు దాన్ని ఎందుకు తాకలేదు?

కారణాలు చాలా ఉన్నాయి, అన్నిటికీ ఒకే బరువు లేదు.

మొదటిది వ్యాపార లెక్క. వ్యాగన్‌కు వెనుక సగం మొత్తం కొత్తగా అచ్చులు పోయాలి. పైకప్పు, పక్క పలకలు, వెనుక తలుపు, గాజు అన్నీ వేరు. షెవర్లే లాంటి బ్రాండ్ లక్షల బండ్ల మీద ఆ ఖర్చును పంచగలదు. కొద్ది వేల బండ్లు మాత్రమే అమ్ముడయ్యే కాడిలాక్ వ్యాగన్‌కు ఆ లెక్క కుదరదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ బండి అప్పటికే పక్కనే ఉంది. ఫోర్డ్‌వే అయిన లింకన్, మెర్క్యురీ రెండింటినీ ఒకే డీలరు అమ్మేవాడు. లింకన్ కొనడానికి వచ్చిన పెద్దమనిషి ఇంటావిడ కోసం వ్యాగన్ అడిగితే, అదే షోరూమ్‌లో మెర్క్యురీ కాలనీ పార్క్ చూపించేవాడు. ఇంపీరియల్ అమ్మే చోట క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ ఉండేది. జనరల్ మోటార్స్‌లో 1971 బ్యూయిక్ ఎస్టేట్ వ్యాగన్ చూడండి. 455 క్యూబిక్ అంగుళాల వీ8, రెండు టన్నులు దాటిన బరువు, మూడు వరుసల సీట్లు. వెనుక గాజు పైకప్పులోకి, కింది తలుపు నేల అడుగుకు జారి మాయమయ్యేవి. కాడిలాక్ ముద్ర ఒక్కటి లేదు తప్ప అది లగ్జరీ వ్యాగనే. డబ్బు ఏ బ్రాండ్ జేబులో పడినా చివరికి చేరేది అదే ఇంటికి.

మూడోది, వ్యాగన్ అంటే పని. అందులో కుక్కలు, సైకిళ్లు, సిమెంటు బస్తాలు, తడిసిన బట్టలతో పిల్లలు. కాడిలాక్ కొనేవాడు ఈ పనులన్నీ దాటి వచ్చానని నలుగురికీ తెలియాలనే కొనేవాడు. పెళ్లి పట్టుచీరను పొలం పనికి కట్టుకోరు కదా.

పొడవాటి పైకప్పున్న కాడిలాక్ అంటే శవవాహనం గుర్తుకు వచ్చేదని అంటారు. అది కూడా కారణమేనా?

దీన్ని తేలికగా తీసిపారేయకూడదు. కాడిలాక్ దశాబ్దాల పాటు అదనపు పొడవున్న ఒక ప్రత్యేక చాసిస్‌ను తయారు చేసి బయటి బాడీ కంపెనీలకు అమ్మేది. ఒహాయోలోని మిల్లర్-మీటియర్, సుపీరియర్, హెస్ అండ్ ఐజెన్‌హార్ట్ లాంటి సంస్థలు వాటి మీద అంబులెన్సులు, శవవాహనాలు కట్టేవి. చిన్న ఊళ్లలో చాలాచోట్ల అంత్యక్రియలు జరిపించే సంస్థే అంబులెన్సు కూడా నడిపేది. కనుక సగటు అమెరికన్ తన జీవితంలో చూసిన పొడవాటి కాడిలాక్ అయితే ఆసుపత్రికి వెళ్లేది, కాకపోతే శ్మశానానికి వెళ్లేది.

మన ఊళ్లలో వైకుంఠ రథం ఆకారంలో ఉన్న బండిని ఎవరైనా పిల్లల్ని బడికి దింపడానికి కొంటారా? ఎంత సౌకర్యంగా ఉన్నా కొనరు. ఆ సంకోచమే అక్కడ కూడా. అయితే ఇది అసలు కారణమని నేను అనుకోవడం లేదు. శవవాహనాల వ్యాపారం లేని లింకన్, ఇంపీరియల్ కూడా వ్యాగన్ చేయలేదు కదా.

ప్యాకర్డ్ ప్రయత్నించింది కదా?

ప్రయత్నించింది. ఒకప్పుడు కాడిలాక్ కంటే గొప్ప పేరున్న ప్యాకర్డ్ 1937లోనే వ్యాగన్ అమ్మింది. 1948లో స్టేషన్ సెడాన్ అని, ఉక్కు బాడీ మీద బర్చ్ చెక్క అలంకరణతో చక్కటి కారును తెచ్చింది. అమ్మకాలు కొద్దిగానే సాగి 1950తో ఆగిపోయింది. తరువాత స్ట్యూడెబేకర్‌తో కలిసిపోయి, 1957, 1958లలో స్ట్యూడెబేకర్ బాడీ మీద ప్యాకర్డ్ పేరు అంటించిన వ్యాగన్లు అమ్మి ఆ బ్రాండ్ అంతరించింది. డెట్రాయిట్‌లోని మిగతావాళ్లు దీన్నుంచి తప్పు పాఠం నేర్చుకున్నారని నాకనిపిస్తుంది. ప్యాకర్డ్‌ను ముంచింది వ్యాగన్ కాదు, డబ్బు లేమి.

ధనవంతులు వ్యాగన్లు కొనేవారు కాదా?

కొనేవారు. కాడిలాక్ ఉన్న ఇంట్లోనే రెండో బండిగా ఫోర్డ్ కంట్రీ స్క్వయర్ ఉండేది. మొదట అసలు చెక్కతో, తరువాత చెక్కలా కనిపించే అతుకు పలకలతో 1950 నుంచి 1991 దాకా వచ్చిన బండి అది. పాత చెక్క వ్యాగన్ ఎస్టేటు ఇళ్ల బండి అన్న జ్ఞాపకం అప్పటికీ ఉంది కనుక, కోటీశ్వరుడు దాన్ని నడిపినా చిన్నతనంగా ఉండేది కాదు.

ఈ ఖాళీని గుర్తుపట్టినది జీప్. 1963లో వ్యాగొనీర్ వచ్చింది. 1966లో సూపర్ వ్యాగొనీర్ పేరుతో వీ8 ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు, ఏసీ అన్నీ కలిపి ఇచ్చారు. నాలుగు చక్రాలూ తిరిగే బండిలో ఇన్ని సౌకర్యాలు అంతకుముందు లేవు. చివరికి గ్రాండ్ వ్యాగొనీర్ అయి 1991 దాకా సాగింది. న్యూ ఇంగ్లండ్ సముద్రతీరపు ఇళ్ల ముందు, కొలరాడో మంచు కొండల కింద అది ఐశ్వర్యానికి గుర్తుగా నిలిచింది. కాడిలాక్ కళ్ల ముందే ముప్పయ్యేళ్ల పాటు ఆ బండి అమ్ముడైంది.

యూరప్ లగ్జరీ కంపెనీలు కూడా ఇలాగే వదిలేశాయా?

మొదట్లో అవి కూడా దూరంగానే ఉన్నాయి. ఇంగ్లండులో వేటకు వెళ్లే దొరల కోసం షూటింగ్ బ్రేక్ అనే పొడవాటి బాడీలను విడిగా కట్టించుకునేవారు. ఆస్టన్ మార్టిన్ యజమాని డేవిడ్ బ్రౌన్ తన డీబీ5ను తన కుక్కలు పట్టేలా మార్పించుకున్నాడు. అది చూసి మరికొందరు అడిగితే హెరాల్డ్ రాడ్‌ఫర్డ్ సంస్థ ఓ డజను దాకా కట్టి ఇచ్చింది. ఫ్యాక్టరీలో తయారై షోరూమ్‌లో దొరికే వ్యాగన్ మాత్రం లేదు.

దారి మార్చింది జర్మన్లు. మెర్సిడెస్ బెంజ్‌లో ఎరిక్ వాక్సెన్‌బర్గర్ అనే ఇంజనీరు, దేశాధినేతల కోసం చేసిన 600 లిమోజిన్‌లోని 6.3 లీటర్ల వీ8ను తీసి, అంతకంటే చిన్నదైన ఎస్ క్లాస్ బాడీలో బిగించాడు. అది 1968లో 300 ఎస్ఈఎల్ 6.3గా బయటకు వచ్చింది. గంటకు 220 కిలోమీటర్ల వేగం. చేసిన పని అక్షరాలా డెలోరియన్ చేసినదే, పెద్ద కారు ఇంజన్‌ను చిన్న కారులో పెట్టడం. కానీ ధర ఆకాశంలో, చప్పుడు పాతాళంలో. డెట్రాయిట్‌కు తట్టనిది ఇదే. మజిల్ కారులోని కుర్రతనాన్నీ చౌకదనాన్నీ వదిలి, శక్తిని మాత్రం తీసుకుని, దాన్ని లగ్జరీలో భాగం చేశారు.

వ్యాగన్ విషయంలోనూ అంతే. 1977 ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మెర్సిడెస్ తన మొదటి సొంత వ్యాగన్ టీ-మోడల్‌ను చూపించింది. బ్రెమెన్ ఫ్యాక్టరీలో సెడాన్‌తో సమానమైన నాణ్యతతో కట్టింది. అది అమెరికాకు కూడా వెళ్లింది. ఇంతకాలం ఎవరూ కొనరని కాడిలాక్ అనుకున్న బండిని కాడిలాక్ కొనేవాళ్ల పిల్లలే కొన్నారు.

బీఎండబ్ల్యూ కథ నాకు మరీ ఇష్టం. మాక్స్ రైస్‌బోక్ అనే ఉద్యోగి కుటుంబం పెరిగింది, సామాను 3 సిరీస్‌లో పట్టడం లేదు. 1984లో స్నేహితుడి గ్యారేజీలో, దెబ్బతిన్న ఒక కారును కోసి, తానే వ్యాగన్ చేసుకున్నాడు. కంపెనీ పెద్దలు చూసి దాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకున్నారు. 1987లో అది 3 సిరీస్ టూరింగ్ అయింది. ఆ తరువాత 1994లో ఆడి, పోర్షే కలిసి ఆర్ఎస్2 అవంట్ తెచ్చాయి. 315 హార్స్‌పవర్ ఉన్న కుటుంబ వ్యాగన్. మజిల్ కారు, స్టేషన్ వ్యాగన్ రెండూ ఒకే లగ్జరీ కారులో కలిశాయి.

అమెరికాలో వ్యాగన్లు ఎందుకు మాయమయ్యాయి?

చట్టం పాత్ర ఉంది. 1975లో అమెరికా కాంగ్రెస్ కార్ల కంపెనీలకు సగటు మైలేజీ పరిమితి పెట్టింది. స్టేషన్ వ్యాగన్ కారు కింద లెక్క, అందుకే కఠిన పరిమితి. ట్రక్కు చాసిస్ మీద కట్టిన బండికి సడలింపు. 1978లో వచ్చిన ఎక్కువ పెట్రోలు తాగే బండ్ల పన్ను కూడా కార్లకే, ట్రక్కులకు లేదు. పొడవాటి పైకప్పు బండినే కాస్త ఎత్తు పెంచి ట్రక్కు అంటే సగం తలనొప్పులు పోతాయి. 1984లో క్రైస్లర్ మినీవ్యాన్ వచ్చి కుటుంబాలను లాక్కుంది. మిగిలినవాళ్లు ఎస్‌యూవీలకు వెళ్లారు. బ్యూయిక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్, షెవర్లే కాప్రిస్ వ్యాగన్ 1996తో ఆగిపోయాయి.

లింకన్ 1997లో ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్ ఆధారంగా నావిగేటర్ తెచ్చింది. కాడిలాక్ తడబడి, జీఎంసీ యూకాన్ డెనాలీని మార్చి 1998లో ఎస్కలేడ్‌గా అమ్మింది. వెనుకకు వెళ్లి చూస్తే ఇది ముప్పయ్యేళ్ల ముందు చేయనన్న పనే. పెద్ద వీ8, పొడవాటి పైకప్పు. ఎత్తు ఒక్కటే తేడా.

మన దేశంలో వ్యాగన్లు ఎందుకు నిలవలేదు?

ఇక్కడ కారణం వేరు. అంబాసిడర్ ఎస్టేట్ ఉండేది. 1992లో టాటా ఎస్టేట్, తరువాత మారుతి బలెనో ఆల్టూరా, స్కోడా ఆక్టేవియా కాంబీ, టాటా ఇండిగో మరీనా వచ్చాయి. ఏదీ నిలవలేదు. మన కొనుగోలుదారుకు డిక్కీ విడిగా ఉంటేనే పెద్ద కారు. వెనుక భాగం సాగితే అది వ్యాన్, లేదా అంబులెన్సు. ఇప్పటికీ హైదరాబాదు, విజయవాడ రోడ్ల మీద వోల్వో వీ90 క్రాస్ కంట్రీ కనిపిస్తే తిరిగి చూడాలి, అంత అరుదు. మన దగ్గర అదే ఇంటి అవసరాన్ని క్వాలిస్, ఆ తరువాత ఇన్నోవా తీర్చాయి.

చివరికి కాడిలాక్ వ్యాగన్ చేసిందా?

చేసింది. యూరప్ కోసం స్వీడన్‌లోని సాబ్ ఫ్యాక్టరీలో బీఎల్ఎస్ వ్యాగన్‌ను కట్టింది. అమెరికాలో 2010 మోడల్‌గా సీటీఎస్ స్పోర్ట్ వ్యాగన్ వచ్చింది. మరుసటి ఏడాది దానికే 6.2 లీటర్ల సూపర్‌చార్జర్ వీ8 పెట్టి, 556 హార్స్‌పవర్‌తో, కోరినవారికి చేతి గేర్లతో, సీటీఎస్-వీ వ్యాగన్ అని అమ్మింది. కాడిలాక్ నలభై ఏళ్ల కింద వదిలేసిన మజిల్ కారూ, స్టేషన్ వ్యాగనూ ఒక్క బండిలో వచ్చేశాయి. నాలుగేళ్లలో అమ్ముడైనవి కొద్దే. ఇప్పుడు వాడిన కార్ల వేలంలో దాని వెంట పడేవారు చాలామంది.

2020లలో కొత్త లగ్జరీ వ్యాగన్ కావాలనుకున్న అమెరికన్ కోసం ఆడి ఆర్ఎస్6 అవంట్, బీఎండబ్ల్యూ ఎం5 టూరింగ్ వచ్చాయి. కాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్ సెడాన్ 668 హార్స్‌పవర్‌తో చేతి గేర్లతో సహా అమ్ముతోంది, దానికి వ్యాగన్ రూపం లేదు. అదే కుటుంబానికి చెందిన ఇంజన్‌ను 682 హార్స్‌పవర్‌కు పెంచి కాడిలాక్ బిగించింది 2023 మోడల్ ఎస్కలేడ్-వీలో.